మూడు ఎర్రచుక్కలు

మా పిన్ని ఒక కుర్చీ కోసం పదకొండేళ్ళు నిలబడింది. మాటవరసకి అనడం లేదు, నిజంగానే నిలబడింది. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చెకింగ్ బల్ల దగ్గర పనిచేసేవాళ్ళు రోజుకి తొమ్మిది గంటలు నిలబడే ఉండాలి. కూర్చుంటే కళ్ళు మూతపడతాయని మేనేజరు సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని ఆయన కూర్చునే కనిపెట్టాడు. ఆరుగురు చెకర్లకీ పైన ఒక హెడ్ చెకర్ ఉంటుంది. ఆమెకి మాత్రం కుర్చీ ఉంటుంది. ఒక కాలు పొట్టిదైతే కింద అట్టముక్క మడిచి పెట్టిన ఇనుప కుర్చీ. దాని మీద కూడా ఆశపడాల్సిన బతుకులు మావి.

అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. ఆమె చదువు ఐదో తరగతి. నాది తొమ్మిది. బడికి దణ్ణం పెట్టి అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌లో చేరాను. పాతకాగితాల దుకాణంలో పుస్తకాలు ఏరుకుని అట్టపెట్టెల చాటున చదువుతాను. పిన్ని పుస్తకాలు చదవదు. వారపత్రికలో వచ్చే గళ్ళ పజిల్ మాత్రం వదలదు. గళ్ళ నిండా అక్షరాలుంటాయి. పక్కన ఇచ్చిన మాటల్ని అందులో వెతికి కొట్టేస్తూ పోవాలి. అన్నీ కొట్టేశాక మిగిలిన అక్షరాలు వరసగా చదివితే ఒక వాక్యం వస్తుంది. సగంలో ఉండగానే వాక్యం నాకు తెలిసిపోయేది. చెప్పబోతే పిన్ని నా నోరు మూయించేది.

"ఆఖరి మాట దొరక్కుండా చదివితే అది చదవడం కాదురా, ఊహించడం. ఊహించి చొక్కా పాస్ చేస్తే ఒకడు ఒంటిచెయ్యి చొక్కా తొడుక్కుంటాడు."

ఆమె పజిల్‌ని కూడా చొక్కాని చూసినట్టే చూసేది. ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, కఫ్‌లు, చివరికి తిరగేసి కుట్లు. గళ్ళలోనూ అంతే. పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి, తర్వాత అదే దారి వెనక్కి, ఆపైన ఏటవాలుగా. ఒక్క దారి కూడా ఎగ్గొట్టదు.

ఫ్యాక్టరీలో ఆమె పేరు ఎర్రచుక్క. తప్పున్న చొక్కా మీద గుండ్రటి ఎర్ర స్టిక్కరు అతికిస్తారు. అందరికంటే ఎక్కువ అతికించేది ఆమె. ఒకసారి తెల్లచొక్కాల లాటు మొత్తంలో ఎడమ కఫ్ గోరంత పొడుగుందని ఆపేసింది. చొక్కాలన్నిటి కుట్లూ విప్పి మళ్ళీ కుట్టారు. పిన్నిని మాత్రం మూడు నెలలు దారాలు కత్తిరించే పనికి పంపారు. అప్పటినుంచే నోటీసు బోర్డు మీద ఒక కాగితం ఉంది: ఎర్రచుక్క అతికించినవాళ్ళే, తప్పు సరిదిద్దాక మళ్ళీ చూసి తీయాలి, ఇంకెవరూ చెయ్యి వేయరాదు. కింద మేనేజరు సంతకం. పెద్దాఫీసువాళ్ళు పెట్టించిన రూలు అది. ఆయన బుర్రలో పుట్టింది కాదు.

పోయిన నెల హెడ్ చెకర్ మానేసింది. కుర్చీ ఖాళీ అయింది. వరసప్రకారం అది పిన్నిది. కానీ మేనేజరుకి ఆమెని ఎక్కించడం ఇష్టం లేదు, కాదనడానికి కారణమూ దొరకలేదు. అప్పుడు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఆయన బావమరిది ఒక ఉపాయం చెప్పాడు. ఎనిమిది గళ్ళు అడ్డం, ఎనిమిది నిలువు పెట్టి ఒక పజిల్ తయారుచేశాడు. పదహారు మాటలు: సూది, దారం, కాలరు, గుండీ, కత్తెర, ఇలాంటివే. అన్నీ కొట్టేస్తే పదకొండు అక్షరాల రహస్య వాక్యం మిగులుతుందట. సరిగ్గా రాసినవాళ్ళకి కుర్చీ. చెకర్లకి కళ్ళేగా ముఖ్యం, కళ్ళకే పరీక్ష అన్నాడు మేనేజరు. మూడు రోజులు గడువు.

నేను ఇంట్లో ఆ కాగితం చూసి నవ్వాపుకోలేకపోయాను.

"పిన్నీ, ఇది వెతకాల్సిన పనేముంది? కటింగ్ గది గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసుంది కదా. మన చేతి పని మన పరువు. లెక్కపెట్టు, పదకొండు. రాసెయ్."

"గోడని అడగలేదు వాళ్ళు. గళ్ళని అడిగారు."

రెండు సాయంత్రాలు వెతికింది. పదిహేను మాటలు దొరికాయి. కత్తెర దొరకలేదు. మూడో రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో, అన్నం పక్కకి జరిపి, స్కేలు పెట్టి ఒక్కో వరసా ఎనిమిది దిక్కులా చూసింది. నన్ను కూడా చూడమంది. చూశాను. కత్తెర లేదు. గళ్ళలో పదకొండు కాదు, పద్నాలుగు అక్షరాలు మిగిలాయి. వరసగా చదివితే ఇలా వచ్చింది: మన చేతి ళఘణి పని మన పరువు. బావమరిదిగారు కత్తెర పెట్టడం మరిచిపోయి, ఖాళీ మిగిలిన మూడు గళ్ళలో చేతికొచ్చిన అక్షరాలు పడేశాడు.

"ళఘణి అంటే ఏంట్రా?"

"బావమరిది అని అర్థం."

పిన్ని నవ్వింది. నేను నవ్వలేదు. "ఆ మూడూ వదిలేసి మిగతాది రాసెయ్ పిన్నీ. కుర్చీ నీదవుతుంది. నీ కాళ్ళు చూసుకున్నావా ఎప్పుడైనా?"

ఆమె పిక్కల మీద నరాలు తాళ్ళలా ముడిపడి ఉంటాయి. రాత్రిపూట దిండు మీద కాళ్ళు పెట్టుకుంటే గానీ నిద్ర పట్టదు. నా మాటకి తన కాళ్ళకేసి చూసుకుంది. తర్వాత కాగితం మీద రాసింది: కత్తెర ఇందులో లేదు. పద్నాలుగు అక్షరాలు మిగిలాయి. వాక్యం కుదరలేదు.

తక్కిన ఐదుగురు చెకర్లూ ఒక్క మాట కూడా వెతక్కుండా గోడ చూసి రాశారు. ఐదూ ఒప్పే అన్నాడు మేనేజరు. చీటీ తీసి కుర్చీ సరేలే అనే ఆమెకి ఇచ్చాడు. ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఏం చెప్పినా సరేలే అంటుంది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. పిన్నిని అందరి ముందూ పిలిచాడు.

"ఏమ్మా, అందరికీ దొరికింది, నీకే దొరకలేదా? కళ్ళు తగ్గుతున్నట్టున్నాయి."

"కత్తెర ఎక్కడుందో వీళ్ళలో ఒక్కర్ని వేలుపెట్టి చూపించమనండి సార్."

బావమరిది పళ్ళ మధ్య పెన్ను పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాడు.

"చిన్న పొరపాటు. దానికింత రాద్ధాంతం దేనికి?" అన్నాడు మేనేజరు. "వాక్యం తెలుస్తూనే ఉందిగా. నువ్వూ అది రాసి సంతకం పెట్టు. మంచి మనసుతో చెప్తున్నా, వచ్చేసారి చూద్దాం."

"కనపడనిది కనపడిందని నేను రాయను సార్. ఆ పని నేర్పలేదు మీరు."

ఆమె ఏప్రను జేబులోంచి స్టిక్కర్ల రీలు తీసింది. బోర్డు దగ్గరికి నడిచి, అక్కడ అంటించిన పజిల్‌లో ళ మీద ఒకటి, ఘ మీద ఒకటి, ణి మీద ఒకటి, మూడు ఎర్రచుక్కలు అతికించింది. బొటనవేలితో గట్టిగా నొక్కింది. వచ్చి తన చోట నిలబడి, ముందున్న చొక్కా కాలరు పట్టుకుంది.

అంతటితో అయిపోయిందనుకున్నాం. రెండు రోజులకి పెద్దాఫీసువాళ్ళు వస్తున్నారని కబురొచ్చింది. మేనేజరు హడావిడిగా కిందికొచ్చాడు. పజిల్ కాగితం చించేద్దామంటే దాని కిందే ఫలానామె గెలిచిందని తన సంతకంతో రాసుకున్నాడు, పెద్దాఫీసుకి ఫోటో కూడా పంపాడు. సరేలేని పిలిచాడు.

"ఆ స్టిక్కర్లు పీకెయ్."

సరేలే కుర్చీలోంచి లేచింది. బోర్డు దాకా వెళ్ళింది. ఎర్రచుక్కల పక్కనే రూలు కాగితం ఉంది. రెండింటికేసీ మార్చి మార్చి చూసింది. కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేను చేతిలో టేపు పట్టుకుని నిలబడిపోయాను. ఆమె నోట్లోంచి రాబోయే మాట అందరికీ తెలుసు.

"అతికించినవాళ్ళే తీయాలండి," అంది సరేలే. "ఇక్కడ రాసుంది. మీ సంతకమే."

"హెడ్ చెకర్‌వి నువ్వు."

"అందుకేనండి. నేను తీస్తే రేపటినుంచి నా చుక్క కూడా ఎవడో తీస్తాడు."

తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది. బల్ల మీది చొక్కా ఒకటి ముందుకి లాక్కుంది.

మేనేజరు పిన్ని బల్ల దగ్గరికి రాక తప్పలేదు. గొంతు తగ్గించాడు. "తీసెయ్ అమ్మా. ఏం కావాలో చెప్పు. కుర్చీ ఇంకోటి వేయిస్తా."

నేను మనసులో దండాలు పెట్టుకుంటున్నాను. ఒప్పుకో పిన్నీ, ఈ ఒక్కసారికి ఒప్పుకో.

"కుర్చీ వేయిస్తే అందరికీ వేయించండి. దానికీ దీనికీ ముడిపెట్టకండి," అంది పిన్ని చొక్కా తిరగేస్తూ. "గళ్ళలో కత్తెర పెట్టించండి సార్. చూసి తీసేస్తాను."

సాయంత్రం బావమరిది పాత గళ్ళ మీద అతికించడానికి కొత్త కాగితం తెచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పిన్ని స్కేలు తీసి మొదటి వరస నుంచి మొదలుపెట్టింది. కత్తెర నాకు ఏటవాలుగా అప్పుడే కనిపించింది. చెప్పలేదు. బావమరిది ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు, మళ్ళీ మార్చుకున్నాడు. పిన్ని ఇంకా రెండో వరసలోనే ఉంది.