జంట గుండ్ల మొక్కు

బుట్టలో మాగేసిన సీతాఫలాలు పగిలి, తియ్యటి వాసన ఇల్లంతా నిండినప్పుడల్లా నాకు మా ఊరి జంట గుండ్లు గుర్తొస్తాయి. బాన్సువాడకు కొంచెం దూరంలో, మంజీర ఒడ్డున, ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డ రెండు పెద్ద బండలవి. ఇప్పుడు కొత్త జంటలు హనీమూన్ అంటూ జీపులు కిరాయికి తీసుకుని మరీ వస్తున్నారు. వాటి నీడన కూర్చోవడం తరతరాల మొక్కని చెప్పుకుంటున్నారు. నేను నమ్మను. ఆ మొక్కు పుట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను.

అప్పుడు నాకు ఏడేళ్లుంటాయేమో. వరి ఈనే కాలం, బతుకమ్మ రోజులు. తంగేడు పూల పుప్పొడి చేతులకు పచ్చగా అంటుకుని, అమ్మ రొట్టెలు నలిపి కట్టిన మలీద ముద్దల్లో బెల్లం పలుకులు పంటికి తగులుతుంటే, అరుగు మీద కచ్చకాయలాడుతూ పొద్దు మరచిపోయేవాళ్లం. నాయన చెల్లెలు లచ్చత్త పెళ్లయ్యాక మొదటి పండుగకు వచ్చింది. దసరాకు మామ కూడా వచ్చాడు. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే పెద్ద గది, మనుషులం పదకొండు మంది. ఆ ఇద్దరికీ మాట్లాడుకునే చోటే లేదు. రుద్రూర్‌లో అత్తగారింట్లో కూడా అంతేనట. ఒక మధ్యాహ్నం సీతాఫలాలకని గంప పట్టుకుని గుండ్ల దగ్గరికి వెళ్లారు. వాళ్లు చెయ్యి చెయ్యి పట్టుకుని కూర్చున్నారని సాయంత్రానికల్లా బర్లు కాసే ముసలాయన ఊరంతా చెప్పేశాడు.

ఇప్పటివాళ్లకు నవ్వొస్తుంది. మూడో రోజు లచ్చత్త అత్తగారు ఎడ్లబండి కట్టించుకుని దిగింది. కొడుకును తనవైపు తిప్పుకుంటోందని ఆమెకు కోడలి మీద మొదటినుంచీ అనుమానమే. ఇంత సిగ్గులేని పిల్లను తీసుకపోనని, ఇక మీ ఇంట్లోనే ఉంచుకోమని గడపలోనే నిలబడి చెప్పింది. లచ్చత్త పొయ్యి దగ్గర నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది. మామ తలెత్తలేదు.

మా నాయనమ్మను మేము అవ్వ అనేవాళ్లం. ఆమె చెరుగుతున్న చేట పక్కన పెట్టి, తాపీగా అంది: "గది మా ఇంటి మొక్కు వదినె. కొత్త జంట ఒక్క పూట గుండ్ల నీడకు కూసోవాలె. నేనే పంపిన."

"గిదేం మొక్కు? ఇన్నేండ్లల ఎన్నడినలే." ఆమె అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసి, చివరికి నన్ను దగ్గరికి పిలిచి గదవ పట్టుకుంది. "నువ్వు జెప్పు బిడ్డా. మీ అమ్మ, నాయిన గూడ కూసున్నరా?"

అవ్వ నావైపు చూడనైనా లేదు.

"కూసున్నరంట. అమ్మ జెప్పింది."

మర్నాడు లచ్చత్త వాళ్లతో బండెక్కింది.

ఒకసారి ఆడిన అబద్ధాన్ని నిలబెట్టాలి కదా, మరుసటి వేసవిలో బాబాయి పెళ్లయితే అవ్వ ఆ జంటను నిజంగానే గుండ్ల దగ్గరికి పంపింది. రుద్రూర్ ఆవిడ పనిగట్టుకుని వచ్చి, దూరం నుంచి చూసిపోయింది. ఏమనుకుందో మరి, తన చిన్నకొడుకు పెళ్లికి ఆమే బండి కట్టించి ఆ జంటను పంపింది. ఇగ ఆ వైపు ఊళ్లన్నీ మొదలుపెట్టాయి. మరాఠీ మాట్లాడే డోంగ్లి వైపు ఊళ్ల జంటలు వచ్చాయి, ఛాయ్ హోటల్ వచ్చింది, ఫోటోలు తీసేవాడు వచ్చాడు, రాత్రికి గదులు కిరాయికిచ్చేవాళ్లు వచ్చారు. అవ్వ మాత్రం పోయేదాకా, దారిన వెళ్లే ప్రతి పిల్ల కాళ్లకు మట్టెలున్నాయా అని వంగి చూసేది. "పెండ్లయినోళ్లో కానోళ్లో, ఎవలకెర్క" అని గొణిగేది.

ఇప్పుడు నా బిడ్డకు ఆరేళ్లు. పాలు తాగానంటే వెళ్లి గ్లాసు చూస్తాను, కడుపునొప్పి లేదంటే పొట్ట తడిమి చూస్తాను. పిల్లలకు అబద్ధం రాదని అందరూ అంటారు, నేను అనలేను.

మొన్న దసరాకు లచ్చత్త, మామ వచ్చి, ఇన్నేళ్లకు మళ్లీ ఒకసారి గుండ్లు చూసొస్తామని వెళ్లారు. అక్కడ సీతాఫలం పొదలు కొట్టేసి జీపులు నిలిపే జాగా చేశారు, గుండ్ల నిండా సున్నంతో పేర్లు రాశారు. వెళ్లిన గంటలోపే ఇద్దరూ తిరిగొచ్చేశారు. ఏమైందత్తా అని అడిగితే, ఆమె చెప్పులు విడుస్తూ మామ వంక చూసింది.

"లైన్ల నిలబడుమన్నరు బిడ్డా. ఆడ ఇద్దరు మనుషులు మాట్లాడుకోనీకి జాగేది?"