ఓటు మానేసిన తల్లి వేషం

బాలమణిది ఫిల్మ్ నగర్ బస్తీ. పెళ్లి సీనైనా చావు సీనైనా గుంపులో నిలబడి, అరవమంటే అరిచి, ఏడవమంటే ఏడ్చి ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది. కెమెరా ఏనాడూ ఆమె దగ్గర ఆగలేదు. అలాంటిదానికి మాటలున్న వేషం దొరికితే ఎగిరి గంతేయదూ!

అది సినిమా వేషం కాదు. జూబ్లీహిల్స్‌లో రాజనీతిశాస్త్ర పరిశోధక విద్యార్థులకు ఇంటర్వ్యూ చేయడం నేర్పే అరవింద్ సారు పిలిపించాడు. నిజమైన ఓటర్ల మీదికి వదిలేముందు పిల్లలకు ఈమెను అడిగి అడిగి నోరు తిరగాలట. ఆమెది ఓటేయడం మానేసిన తల్లి వేషం. ఎందుకు మానేసిందంటే, ఒక్కగానొక్క కొడుకు పోయాడు గనక.

మొదటి రోజు బాగానే ఏడ్చింది. ఇంటికొచ్చేసరికి సొంత కొడుకు బన్నీకి ఒళ్లు కాలిపోతోంది. కొడుకు పోయాడని మళ్లీ చెప్పిన రోజు, వాడు నడిపే స్టూడియో వ్యాను గోడకు గుద్దుకుంది. బంపరు సొట్టబోయింది, అంతే. కానీ బాలమణికి గుండె జారిపోయింది. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని తెలిసీ, కన్నతల్లి అనాల్సిన మాటేనా అది?

"సారూ, గా కొడుకును జర బతికుంచుండ్రి. దుబాయ్ పోయిండని చెప్త," అని బతిమాలింది.

"కుదరదమ్మా. అందరికీ ఒకే జవాబు రావాలి. లేకపోతే ఎవరు బాగా అడిగారో ఎలా తెలుస్తుంది?" అన్నాడాయన. చదువుకున్నవాడి మొండితనానికి మందు లేదు కదా!

పని పోతే పోనీ, ఇక ఆ మాట అననని బాలమణి ఒట్టేసుకుంది. ఆ రోజు ఎదురుగా కూర్చున్న అమ్మాయి పేరు హిమజ.

"మీ అబ్బాయి ఏమయ్యాడమ్మా?"

"ఏం కాలే. సల్లగున్నడు."

హిమజ మారు మాట్లాడలేదు. జవాబు తేడాగా తోస్తే ఊరుకోమనీ, ఆ మౌనం భరించలేక ఎదుటివాళ్లే నోరు విప్పుతారనీ వాళ్లకు నేర్పారు. ఆ పిల్ల రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుంది. బాలమణి పెదాలు బిగపట్టింది. పళ్ల వెనక నాలుక దానంతటదే కదులుతోంది. అమ్మో, వద్దు, వద్దనుకుంటుండగానే నోరు తెరుచుకుంది.

"పోయిండు."

"ఎప్పుడమ్మా?"

ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న. సారు నేర్పిన వేషంలో దానికి జవాబే లేదు.

"గిప్పుడే," అంది ఆమె నోరు.

గది చివర నుంచి అరవింద్ సారు భేష్ అన్నాడు. బాలమణి చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది.