బ్లెస్సీ కోసం మెదక్ దాకా

పొద్దున కాచిగూడలో మెదక్ బండి ఎక్కాను. నాలాగా కాళ్లకు ఇనుప పట్టీల క్యాలిపర్లు, చేతిలో కర్ర ఉన్నవాళ్లు కాస్త ముందే రావడం మంచిది. బండి మెట్లు ఎత్తుగా ఉంటాయి.

హైదరాబాదులో ఒక పిల్లల ఆసుపత్రి పరిశోధన బృందంలో పనిచేస్తాను. తల్లి కడుపులో వెన్నెముక పూర్తిగా మూసుకోకుండా పుట్టే పిల్లలుంటారు. దాన్ని స్పైనా బైఫిడా అంటారు. ఆపరేషన్ తర్వాత వాళ్లెలా ఎదుగుతున్నారో మేం ఏళ్ల తరబడి చూస్తుంటాం. నేనూ అలా పుట్టినదాన్నే.

మెదక్‌లో ఉండే రెండేళ్ల బ్లెస్సీని వాళ్లమ్మ రూతు పరీక్షలకు తీసుకురావడం మానేసింది. పరిశోధన నుంచి తప్పుకోవడం ఆమె ఇష్టం. కానీ ఈ పిల్లల్లో మూత్రం లోపలే నిలిచిపోయి, నొప్పయినా తెలియకుండా కిడ్నీలు పాడవుతాయి. అందుకే ఫోన్ చేశాను. "ఇంటికి రావొద్దు, మా అత్తమ్మ పరేషాన్ అయితది. చర్చి కాడికి రండ్రి" అంది.

బొల్లారం దాటాక ఊరు పలచబడింది. మంచులో వరిమళ్లు తేలుతున్నట్టున్నాయి. మనోహరాబాద్‌లో సిద్దిపేట పట్టాలు మా నుంచి విడిపోయి, పొగమంచులోకి ఎటో వెళ్లిపోయాయి. ఎదురుగా కూర్చున్న ముసలామె నా కాళ్లకేసి చూసింది.

"ఏమైంది బిడ్డా?"

"పుట్టుకతోనే ఇట్లా, అమ్మా."

"అయినా ఒక్కదానివే తిరుగుతున్నవ్. మస్తు" అని, కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఆ నిద్ర నాకూ అంటుకుంది. కళ్లు తెరిస్తే మెదక్.

ఆటో చర్చి గేటు దగ్గర దింపింది. మెట్లెక్కి లోపలికి వెళితే చల్లగా, నీళ్ల అడుగున ఉన్నట్టుంది. రంగుటద్దాల వెలుగు నేలమీద ఎర్రగా, నీలంగా పడి ఉంది. ఆ వెలుగులో ఒక పాప మోచేతులమీద పాకుతోంది. కాళ్లు మెత్తగా వెనకాలే వస్తున్నాయి. చివరి బెంచీమీద రూతు లేచి నిలబడింది.

"దవాఖానోళ్లు వస్తరనుకున్న గానీ..." నా కాళ్లవైపు చూసింది. "మీకు గూడ గిదేనా అక్కా?"

"ఇదే."

పక్కన కూర్చున్నాను. ఎందుకు రావడం లేదని నేను అడగకముందే చెప్పింది. "పోయినసారి ఉచ్చ తీసేతందుకు గొట్టం పెట్టుడు నేర్పిస్తమన్నరు. దినాం అన్నిసార్లు నా చేతులతోని బిడ్డకు గొట్టం పెట్టుడా? నాతోని కాదు."

సంచీలోంచి ప్యాకెట్‌లో ఉన్న సన్నటి గొట్టం తీసి చూపించాను. "ఇది నాది. బండి దిగాక బాత్రూంలో ఇలాంటిదే వాడుకుని వచ్చాను. చిన్నప్పుడు మా అమ్మ పెట్టేది. తర్వాత నేనే నేర్చుకున్నాను."

"నొస్తదా?"

"నాకక్కడ స్పర్శ తక్కువ. మొదట్లో అమ్మే ఎక్కువ భయపడేదట."

రూతు ప్యాకెట్ మీద వేలితో మెల్లగా తాకింది. "మరి బ్లెస్సీ నడుస్తదా?"

"ఎంతవరకో ఇప్పుడే చెప్పలేం. కిడ్నీలను మాత్రం కాపాడుకోవచ్చు."

"ఇంకో బిడ్డను కందామంటడు మా ఆయన. గిట్లనే అయితే?"

"అందరికంటే కొంచెం ఎక్కువ భయముంటుంది. నెల తప్పకముందే డాక్టర్ని అడిగి ఫోలిక్ యాసిడ్ మాత్రలు మొదలుపెడితే బాగా తగ్గుతుంది. పూర్తిగా పోతుందని అబద్ధం చెప్పను."

"నేనేం తప్పు చేసిన అక్కా?"

"నువ్వేం చేయలేదు. కారణాలన్నీ మాకే ఇంకా దొరకలేదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. బ్లెస్సీ నేలమీది నీలాన్ని పిడికిట పట్టి, తెరిచి చూసి, మళ్లీ పట్టింది. తర్వాత నా దగ్గరికి పాకి వచ్చి క్యాలిపర్ ఇనుమును అరచేత్తో కొట్టింది. చర్చంతా గంటలా మోగింది. రూతు ఏడుపులోనే నవ్వింది. భర్తకు ఫోన్ కలిపింది.

"అత్తమ్మకు నువ్వే చెప్పు. బిడ్డను తీస్కొని పట్నం పోతున్న."

ఆసుపత్రికి నేను ఫోన్ చేస్తే, మర్నాడు పొద్దున్నే చూస్తామన్నారు. బస్టాండు దగ్గర ముగ్గురం అన్నం, పప్పు తిన్నాం. సాయంత్రం రూతు భర్త బట్టల సంచీతో స్టేషన్‌కు వచ్చాడు. చొక్కానిండా సున్నం మరకలు, పనిమీది నుంచే వచ్చినట్టున్నాడు. బ్లెస్సీని ముద్దుపెట్టుకుని, నేను బండెక్కేటప్పుడు చెయ్యి అందించాడు. "జర చూస్కోండ్రి అక్కా" అన్నాడు.

మర్నాడు స్కానులో ఒక కిడ్నీ కొద్దిగా ఉబ్బి కనబడింది. ఇంకా చేయి దాటలేదన్నారు. ఆ సాయంత్రం బండిలో మాకు ఆ సంగతి ఇంకా తెలియదు. బయట చీకటి చిక్కబడుతోంది. బ్లెస్సీ తల వాళ్లమ్మ ఒడిలో, కాళ్లు నా ఒడిలో పెట్టుకుని నిద్రపోయింది. ఆ కాళ్ల చల్లదనం నాకు తెలిసిందే, నావీ అంతే. ఈ పనిమీద ఎన్నో ఊళ్లు తిరిగాను గానీ, తిరుగు బండిలో ఒక్కదాన్నే కాకుండా రావడం ఇదే మొదలు.

"అక్కా, మీ అమ్మతోని మాట్లాడొచ్చా?" అని అడిగింది రూతు.

అమ్మకు ఫోన్ చేసి ఆమె చేతికిచ్చాను. రూతు కిటికీవైపు తిరిగి గొంతు తగ్గించింది. ఇద్దరూ నాకు వినపడకుండా మేడ్చల్ దాకా మాట్లాడుకున్నారు.