అయిదడుగుల ఖాళీ

మా పక్కింటి డ్రాఫ్ట్స్‌మన్ గారు పోయిన నెలలో చనిపోయారు. పొద్దున చాయ్ తాగి గ్లాసు కింద పెట్టారట, అంతే. వాళ్ళమ్మాయి వచ్చి "ఆంటీ, బాపు పోయిండు" అని చెప్పినప్పుడు నేను వంటగదిలో ఉన్నాను. ఆ కబురు ఇంట్లో మరెక్కడ విన్నా బాగుండేది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ళని పొగడడం తేలికే గానీ, ఆయన విషయంలో నాకు ఆ అర్హత లేదు.

ఆయన యూనివర్సిటీలో బిల్డింగుల విభాగంలో పనిచేసేవారు. తార్నాకలో మా వీధి నుంచి క్యాంపస్‌కి నడిచే వెళ్ళేవారు, చంకలో కాగితాల గొట్టంతో. ఆఫీసుకు ముందు రెండు గంటలు ఇంట్లో తూర్పు కిటికీ దగ్గర బల్ల వేసుకుని, తెలిసినవాళ్ళ ఇళ్ళకి మున్సిపల్ పర్మిషన్ ప్లాన్లు గీసేవారు. పెన్సిల్‌ని సగం బ్లేడుతో చెక్కి, ఆ పొట్టుని కాగితంలో మడిచేవారు. ట్యూబులైటు కింద గీత నిజం చెప్పదని ఆయన నమ్మకం. ఆఫీసులో చూపించడానికి ఒకటి, కట్టుకోవడానికి ఒకటి గీసిమ్మని అడిగేవాళ్ళు ఉండేవారు. "ఒక ఇంటికి ఒకటే ప్లాను. రెండు గావాల్నంటె ఇంకో మనిషిని జూస్కోండ్రి" అని పంపేసేవారు.

ఉద్యమం రోజుల్లో క్యాంపస్ గేటు దగ్గర బారికేడ్లు ఉండేవి. ఒకరోజు కానిస్టేబుల్ ఆ గొట్టం విప్పించి ఇదేం స్కెచ్ అని అడిగాడట. "హాస్టల్ బాత్రూంలు సార్. ఉద్యమం చేసినా పోరగాళ్ళు తానం జెయ్యాలె గద" అన్నారట ఈయన. వాళ్ళావిడ ఈ సంగతి చెప్పి పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, ఆయన మాత్రం కానిస్టేబుల్ ప్లాన్‌ని తలకిందులుగా పట్టుకున్నాడని బాధపడ్డారు.

మాది కోస్తా. నాకు లాలాగూడలో బడి ఉద్యోగం. మావారు ఎప్పుడూ టూర్ల మీదే, అందుకని ఇల్లు కట్టించే పని నా నెత్తిన పడింది. మా ప్లాన్ కూడా ఆయనే గీశారు. గదులెన్ని అని అడగలేదు. "మీ ఇంట్ల పొద్దుగాల ముందు లేచేదెవరు టీచరమ్మా?" అని అడిగారు. నేనే అన్నాను. "అయితే వంటింటిని పడకగదులకు దూరం పెడ్త. గిన్నెల సప్పుడుకు పిల్లలు లెవ్వరు" అన్నారు. గట్టు ఎత్తు కోసం నన్ను గోడ పక్కన నిలబెట్టి మోచేతి దాకా కొలిచారు. వాళ్ళ వైపు ప్రహరీకీ మా గోడకీ మధ్య అయిదడుగులు వదిలారు. అంత స్థలం దండగ కదా అన్నాను. "ఖాళీ జాగ గుడ ఇంట్ల భాగమే. గాలికొక గది గడ్తున్నమనుకోండ్రి" అన్నారు.

పర్మిషన్ వచ్చింది. పునాదులు తవ్వే వేళకి సమ్మె మొదలై ఆఫీసులన్నీ మూతపడ్డాయి. "ఇప్పుడు సూడనీకి ఎవ్వరొస్తరమ్మా? వంటిల్లు ప్రహరి గోడ దాంక జరుపుదం. మీద గది గుడ పెద్దగైతది" అన్నాడు మేస్త్రి. నాకు ఆశ పుట్టింది. సరేనన్నాను.

ఆదివారం ఆయన టేపు పట్టుకుని వచ్చారు. కొలిచి చూసి, "మేస్త్రి పొరబడ్డట్టున్నడు టీచరమ్మా. అయిదు ఫీట్లు లోపటికి రావాలె" అన్నారు. తప్పుని మేస్త్రి మీద వేసి నాకు దారి ఇచ్చారు. నేను ఆ దారిన పోలేదు.

"పొరపాటేం కాదు అన్నయ్యగారూ. ఈ రోజుల్లో మీరు అభ్యంతరం పెడితే, ఆంధ్రావాళ్ళని కాబట్టే పెట్టారని అంటారు నలుగురూ. మీకే చెడ్డపేరు" అన్నాను.

నెమ్మదిగానే అన్నాను. అందుకే ఇంకా సిగ్గుగా ఉంది. మా వీధిలో ఎవరూ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. బంద్ రోజుల్లో పాల ప్యాకెట్లు దొరక్కపోతే వాళ్ళావిడే తెచ్చి ఇచ్చేది. నాకు లేని భయాన్ని ఉన్నట్టు చూపించి ఆయన నోరు కట్టేశాను.

ఆయన టేపు చుట్టుకున్నారు. "గోడ ముచ్చట గోడ ముచ్చటే గద టీచరమ్మా. గంత దూరం తీస్కపోతిరి" అన్నారు. ఏ ఆఫీసుకీ కాగితం పెట్టలేదు.

మా గోడ లేచింది. తూర్పు కిటికీకి పొద్దుటి వెలుగు పోయింది. బల్ల వరండాలోకి మారింది, జల్లు కొడితే లోపలికి, వాన వెలిస్తే మళ్ళీ బయటికి. వాళ్ళావిడ రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. ఆయన మాత్రం ఎదురుపడితే "మంచిగున్నరా టీచరమ్మా" అనడం మానలేదు. నాకు అదే ఎక్కువ గుచ్చుకునేది. ఆయన రిటైరైన రోజు శాలువా పట్టుకుని వెళ్ళాను, క్షమించమని అడగాలనే. ఎండల గురించి మాట్లాడి వచ్చేశాను.

దినాలయ్యాక వాళ్ళమ్మాయి ఒక ప్లాన్ తీసుకుని మా ఇంటికొచ్చింది. పెరట్లో ఆమె కోసం రెండు గదులు వేయాలని ఆయన చివరిగా గీసింది. సంతకం పెట్టాల్సిన ఇంజినీరుకి ఒక అనుమానం వచ్చిందట.

"రూల్ ప్రకారం అయిదు ఫీట్లు ఇడిస్తె సాలు ఆంటీ. బాపు మీ దిక్కు పది ఇడిసిండు. కండ్లు సరిగ కనవడక తప్పు వడ్డదేమో అంటున్నడు ఇంజినీరు. మీతోని ఏమన్న అన్నడా?"

కాగితం చూశాను. గీతలో వణుకు లేదు. పది అని అంకెల్లో రాసి, పక్కన అక్షరాల్లో కూడా రాశారు.

"తప్పు కాదమ్మా. అందులో అయిదు మీవి. మిగతా అయిదు మేం వదలాల్సినవి" అన్నాను. సమ్మె రోజుల్లో ఆయనతో నేనన్న మాట కూడా చెప్పాను. ఆ అమ్మాయి ప్లాన్ చుట్టుకుని వెళ్ళిపోయింది.

నిన్న పొద్దున వాళ్ళ పెరట్లో మేస్త్రి ముగ్గు పోస్తుంటే డాబా మీది నుంచి చూశాను. ఆ అమ్మాయి టేపు రెండో కొస పట్టుకుని, పది అడుగుల దగ్గరే గీత వేయించింది. మా గోడ నీడ ఆ గీతని దాటి పెరట్లో చాలా దూరం పరుచుకుని ఉంది. అది వెనక్కి జరిగి గీత మీద ఎండ పడేసరికి పదిన్నరైంది. అప్పటిదాకా అక్కడే నిలబడ్డాను.