బయల్దేరమనే కూత

మా ఇంట్లో దయ్యాల ముచ్చట నిషిద్ధం. భోజనాల దగ్గర ఎవరైనా ఆ మాట ఎత్తితే తాత కంచం ముందు నుంచి లేచిపోయేవాడట. నాన్నా అంతే, నేనూ అంతే. యాభై రెండేళ్ళ వయసులో ఇది రాస్తున్నది ఎవరినీ నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని.

మాది నిజామాబాద్ వైపు. ఒకప్పుడు మాకు గడి, అంటే దొరల కోట లాంటి ఇల్లు ఉండేది, దాని కింద పదకొండు ఊళ్ళు ఉండేవి. ఇప్పుడు నేను జెడ్డాలో ఒక నిర్మాణ కంపెనీలో స్టోర్ కీపర్ని. ఇందులో దాచేదీ లేదు, సాగదీసేదీ లేదు.

మా ఊరి పక్కన చిన్న రైల్వే స్టేషన్ ఉంది. తాతకు ప్రయాణం ఉన్న రోజు, రైలు వంతెన దాటగానే డ్రైవరు కూత వేసేవాడు. ఒక పొడుగు, రెండు పొట్టి, మళ్ళీ ఒక పొడుగు. దొర ఇక బయల్దేరవచ్చు అని దానికి అర్థం. అది విన్నాకే తాత గడి మెట్లు దిగేవాడు. రైలు ఆయన కోసం ఆగి ఉండేది. మా ఇంట్లో రైలు కోసం పరుగెత్తినవాళ్ళు లేరు.

నేను పుట్టేసరికి తాతా లేడు, ఆ మర్యాదా లేదు. కానీ నాన్న ఇంటిల్లిపాదినీ బయల్దేరదీయాలంటే అదే వరసలో ఈల వేసేవాడు. గడి అమ్మి ఖాళీ చేసిన రోజు దర్వాజా దగ్గర నిలబడి వేశాడు. ఆ తర్వాత ఆయన నోట అది వినలేదు. నేనైతే ఎన్నడూ వేయలేదు.

ఆవిరి ఇంజన్ల ఫొటోలు తీసే పిచ్చి నాకు అక్కణ్ణుంచే వచ్చి ఉండాలి. సౌదీలో అవి దొరుకుతాయని చెప్పింది ఖాజా. అతనిది రాయచోటి, జెడ్డాలోనే షరఫియా పేటలో ఏసీ మెకానిక్కు. పాత వ్యాను ఒకటి కొని, లోపల మంచం, స్టవ్వు, నీళ్ళ ట్యాంకు బిగించి క్యాంపర్ వ్యాను చేసుకున్నాడు. సుల్తాన్, బుజ్జి అని రెండు కుక్కలు. రెండూ ఎడారిలో దొరికినవే. నన్ను 'దొరా' అంటాడు. మొదట్లో వెక్కిరింపుగా, ఇప్పుడు అలవాటుగా.

పోయిన చలికాలం ఒక గురువారం సాయంత్రం పని దిగి, కుక్కలతో కలిపి నలుగురమూ బయల్దేరాం. మదీనా దాటి ఉత్తరంగా, టర్కీ పాలన నాటి హెజాజ్ రైలు మార్గం వెంట. మేము వెతుక్కుంటూ పోయిన చోట రాతి స్టేషన్ ఒకటి, దాని ముందు తుప్పు పట్టిన ఇంజను ఒకటి ఉన్నాయి. కొంచెం అవతల వాగు, వాగు మీద రాతి వంతెన. వాగంటే ఇసుకే, నీళ్ళ జాడ లేదు.

శుక్రవారం ఖాజా దగ్గరి ఊళ్ళో జుమా నమాజు చేసుకుని వచ్చాడు. ఆ తర్వాత వ్యాను నేనే నడిపి వంతెన కింద నీడలో పెట్టాను. కుక్కలకు చల్లగా ఉంటుందని.

"దొరా, మసీదులో ముసలాయప్ప చెప్పినాడు, పైన కొండల్లో వాన పడిందంట. బండి గట్టు మీదికి తీద్దాం."

"ఆకాశంలో మబ్బు తునకన్నా ఉన్నదా ఖాజా?"

"ఈడ లేకపోతేనేం, ఆడ పడితే ఈడికి వచ్చాది."

"మా తాత తవ్విచ్చిన కాలువలు ఇయ్యాలటికీ పారుతున్నయి. నీళ్ళ సంగతి నాకు చెప్తున్నవా?"

"చెప్పను సామీ. నీ మాటే కానీ." నవ్వి లోపలికెళ్ళి పడుకున్నాడు. రాత్రంతా బండి నడిపినవాడు అతనే. బండి తాళం నా జేబులో ఉండిపోయింది.

నేను కుక్కల్ని తీసుకుని ఇంజను దగ్గరికి వెళ్ళాను. ఆ ఇంజను గురించి స్పష్టంగా చెప్పాలి. బాయిలరుకు నేను తల పెట్టి చూడగలిగినంత చిల్లు ఉంది. లోపల ఇసుక. కూత పరికరం ఎప్పుడో ఊడదీసుకుపోయారు, దాని స్థానంలో రెండు బోల్టు రంధ్రాలు మిగిలాయి. ఆ రంధ్రాలకు కూడా ఫొటో తీశాను.

మూడున్నర అవుతుండగా కెమెరాను స్టాండు మీద పెట్టి వీడియో మొదలుపెట్టాను. కుక్కలు ఇంజను నీడలో పడుకుని ఉన్నాయి.

అప్పుడు కూత వినిపించింది. ఒక పొడుగు, రెండు పొట్టి, మళ్ళీ ఒక పొడుగు.

దూరంగా కాదు. నా తల మీద, ఇంజను పైనుంచి.

కుక్కలు రెండూ ఒకేసారి లేచి పైకి చూశాయి. మరుక్షణం వ్యాను వైపు ఉరికాయి. వాటి వెనక నేనూ ఉరికాను. వరద వస్తోందని నాకు తెలియదు. ఆ ఆలోచనే రాలేదు. ఆ కూత విన్నాక మా ఇంట్లో ఎవరూ కూర్చోరు, అంతే. పరుగెత్తడం మాత్రం మా ఇంట్లో నాతోనే మొదలు.

నేను వెళ్ళేసరికి కుక్కలు వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాయి. ఎక్కించి, ఖాజాను లేపకుండానే బండి తీశాను. గట్టు ఎక్కుతుంటే లోపల గిన్నెలు దొర్లాయి, ఖాజా కూడా దొర్లాడు.

"ఏమైంది దొరా? పామేమన్నా కనపడిందా?"

 స్టేషన్ పక్కన బండి ఆపి కూర్చున్నాను. అతను తిట్టుకుంటూ గిన్నెలు సర్దాడు. ఆ సర్దడం పూర్తికాలేదు, కొండల వైపు నుంచి లారీలు బారుగా వస్తున్నట్టు మోత. మట్టిరంగు నీళ్ళు ముళ్ళపొదల్ని, ఒక ఇనుప పీపాను మోసుకుంటూ వంతెన కింద నుంచి పోయాయి. మేము బయట వేసుకున్న కుర్చీలు కనిపించలేదు. వ్యాను నిలిపిన చోట నీళ్ళు కమాను సగం దాకా ఎక్కాయి.

ఖాజా నీళ్ళకేసి చూశాడు. తర్వాత నాకేసి చూశాడు.

"తప్పు నాది ఖాజా," అన్నాను. ఆ మాట అనడం నాకు అలవాటు లేదు.

"తప్పు సంగతి మళ్ళ చూద్దాంలే. దొర ఉరుకుతాంటే చూసేదానికి మేలుకోనుంటే బాగుండు." నవ్వుతూనే దిగి బండి చక్రాల కింద రాళ్ళు పెట్టాడు.

కూత సంగతి ఆ రాత్రి జెడ్డా దారిలో చెప్పాను. అతనికి ఏమీ వినబడలేదట. నిద్రలో ఉన్నాడు కాబట్టి అది సాక్ష్యం కాదు. వీడియో ఉంది. అందులో గాలి మోత తప్ప ఏ శబ్దమూ లేదు. కానీ కుక్కలు లేవడం ఉంది. వరద వచ్చిన కొండల వైపు అవి చూడలేదు. రెండూ తలెత్తి ఇంజను మీద ఒకే చోటుకు చూశాయి, బోల్టు రంధ్రాల వైపు. కుక్కలు వరదను ముందే పసిగట్టి ఉంటాయని, నా చెవులు పాత జ్ఞాపకాన్ని వినిపించాయని తెలిసినవారు అన్నారు. కొంతకాలం నేనూ దాన్నే పట్టుకున్నాను.

నెల తర్వాత ఖాజా షెడ్డులో కూర్చుని ఉన్నాం. కుక్కలు నిద్రపోతున్నాయి. ఏదో తోచి, జీవితంలో మొదటిసారి, ఆ వరసలో ఈల వేశాను.

రెండూ లేచాయి. నా దగ్గరికి రాలేదు. నేరుగా వ్యాను వెనక తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాయి.

"వీటికి ఇదెప్పుడు నేర్పినావు దొరా?"

నేర్పలేదన్నాను. మరెవరు నేర్పారని అతను అడగలేదు.  లేచి వెళ్ళి తలుపు తీశాడు. అవి ఎక్కి తమ చోట్లలో కూర్చున్నాయి. మేము ఎక్కడికీ వెళ్ళేది లేదు. అయినా వాటిని దిగమనడానికి నాకు నోరు రాలేదు.