ఆల్ఫియస్ ఎత్తు వేసిన రోజు

మా టర్టిల్ హార్బర్‌లో ఆల్ఫియస్ స్టరప్‌ను ఎరగనివాళ్ళు లేరు. ఊళ్ళో ఉన్నది మొత్తం మూడు వందల యాభై మందిమి కాబట్టి ఇదేమంత ఘనత కాదు. సముద్రపు పాయకు అవతల, మా పడవలో నలభై నిమిషాల దూరంలో, వారానికి నాలుగు రోజులు మూడేసి వేలమంది అతని పక్కనుంచి నడిచిపోతారు. వాళ్ళలో అతన్ని ఎరిగినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ ఏడాదికి ఆరు గంటలే కనిపిస్తాడు.

అవతలి దిబ్బను మా తాతలు ఇసుక ఈగల దిబ్బ అనేవారు. అక్కడ మేకల్ని వదిలేవారు. తర్వాత ఒక ఓడల కంపెనీ దాన్ని కొనుక్కుని, ఆకు గొడుగులు పాతి, ఆనంద ద్వీపమని నామకరణం చేసింది. ఈ సంగతి ఈగలకు ఎవరూ తెలియజేసినట్టు లేదు. ఓడ లోతు నీళ్ళలో ఆగుతుంది. అందులోని జనాన్ని చిన్న పడవల్లో ఒడ్డుకు చేరవేస్తారు. తొమ్మిదికి దిగినవాళ్ళు మూడున్నరకల్లా మళ్ళీ ఎక్కేయాలి. ఈ మధ్యలో ఆనందించాలి. అందుకు కావలసిన సరంజామా మేం చూస్తాం. నేను పనివాళ్ళ పడవ నడుపుతాను. అందరూ నన్ను కెప్టెన్ అంటారు. పడవకన్నా బిరుదే పొడవు. మిస్ వెర్నిటా శంఖు మాంసం బజ్జీలు వేస్తుంది. ఆల్ఫియస్ కుర్చీలు వేస్తాడు.

కుర్చీలు వేయడమంటే తేలిగ్గా తీసిపారేయకండి. పడక కుర్చీలు పదకొండు వందల నలభై. పొద్దు పొడవగానే రెండు పుల్లలు పాతి, మధ్యన గాలపు తాడు బిగించి, ఆ తాడు వెంట వరస దిద్దుతాడు. ఒక కుర్చీ కాలు బెత్తెడు ముందుకొస్తే, చొక్కా తిరగేసి తొడుక్కుని చర్చికి వెళ్ళినంత బాధపడతాడు. పదింటికల్లా జనం వాటిని నీడ వెంట ఈడ్చుకుపోయి పేకముక్కల్లా చెల్లాచెదురు చేస్తారు. సాయంత్రం అన్నీ మడత పెడతాడు. మర్నాడు మళ్ళీ తాడు. పదకొండేళ్ళలో ఒక్క కుర్చీలోనూ అతను కూర్చోలేదు. అడిగితే "నేనేసిన వరస నేనే చెడగొట్టుకోనా?" అంటాడు.

అంతకుముందు ముప్పయ్యేళ్ళు నీళ్ళలో మునిగి రాతిరొయ్యలు పట్టాడు. ఎడమ చెవి అక్కడే పోయింది. అటువైపునుంచి ఎవరేం చెప్పినా కెరటం చెప్పినట్టే ఉంటుందట. ఐదేళ్ళ కిందట భార్య ఐవామే కూడా పోయాక, కుడి చెవికీ పెద్దగా పని లేకుండా పోయింది.

మా వైపు ఒక మర్యాద ఉంది. ఎవర్ని ఏం అడగాలన్నా ముందు గుడ్ మార్నింగ్ చెప్పాలి. కొట్లోకి వెళ్ళినా, పోలీసు ఠాణాకు వెళ్ళినా అది చెప్పేదాకా మీరు లోపలికి రానట్టే లెక్క. ఓడవాళ్ళకు ఈ రాజ్యాంగం తెలియదు.

"టాయిలెట్ ఎక్కడ?"

"గుడ్ మార్నింగ్," అంటాడు ఆల్ఫియస్.

"అది సరే, టాయిలెట్?"

"గుడ్ మార్నింగ్."

ఒకసారి ఒక పెద్దమనిషి, పాపం, ఇతనికి ఇంగ్లీషు రాదనుకుని తన అవసరాన్ని అభినయించి చూపాడు. ఆల్ఫియస్ ఆ అభినయాన్ని చివరిదాకా శ్రద్ధగా తిలకించి, "గుడ్ మార్నింగ్" అన్నాడు.

ఇలాంటి చోట, పదకొండేళ్ళ కిందటి ఫిబ్రవరిలో, తువ్వాళ్ళ పాక వెనకాల ఒక పొడుగాటి ముసలాయన వచ్చి నిలబడి, ఎవరూ అడక్కుండా తనంతట తనే గుడ్ మార్నింగ్ అన్నాడు. ఆల్ఫియస్ అప్పుడు కంది గింజల అన్నం తినేసి, గళ్ళ పలక మీద సీసా మూతలు పేర్చుకుని, తనతో తనే చెకర్స్ ఆడుకుంటున్నాడు. ఎదుటి కాయ మీదుగా దూకి దాన్ని ఎత్తేసే ఆట అది; మా వైపు దూకి తీరాలన్న నిబంధన లేదు. బోర్లా పెట్టిన మూతలు ఒక పక్షం, వెల్లకిలా పెట్టినవి ఒక పక్షం.

"మీకు జోడీ ఎవరూ లేరా?" అన్నాడు ముసలాయన.

"కూర్చుంటే ఉంటారు."

కూర్చున్నాడు. మా వైపు గుడ్ మార్నింగ్ తర్వాత అడగాల్సిన రెండో మాట, "మీ వాళ్ళెవరు?" అని. ఫలానావాళ్ళ మనవడినో, ఫలానా దీవివాళ్ళ అల్లుడినో అని చెప్పేస్తే మనిషి ఒక చోట కుదురుకుంటాడు. ఆల్ఫియస్ అడిగాడు. ముసలాయన కొంచెం ఆలోచించి, "ఎవరూ లేరు," అన్నాడు.

మావాళ్ళు వినగలిగిన జవాబుల్లో ఇంతకన్నా భయంకరమైనది లేదు. చూడకుండా పుండు మీద చెయ్యి వేసినట్టయింది ఆల్ఫియస్‌కు. ఆ రోజునుంచి అతన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తనంతట తాను చెప్పుకున్నది మాత్రం విన్నాడు: పేరు లోర్న్, ఊరు కెనడాలో మంచు పడే చోటు, ఉద్యోగం రైల్వేలో సిగ్నల్‌మన్, ఇప్పుడు లేదు. ఏటా ఫిబ్రవరి రెండో మంగళవారం అదే ఓడలో వస్తాడు. ఇంటిపేరేమిటో, గది నంబరెంతో ఆల్ఫియస్ అడగలేదు. అదే అతను చేసిన పొరపాటు. మావాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు.

మా ఆటలో కాయ కదపడమంటే బల్ల అదిరేట్టు కొట్టడం, కొడుతూ ఎదుటివాడి వంశంలో ఎవరికైనా బుర్ర ఉండేదా అని విచారించడం. లోర్న్ కాయను కోడిగుడ్డు దించినట్టు దించేవాడు. ఒక్కో ఎత్తుకు అరగంట.

"ఏం పెద్దాయనా, కాయ పెట్టావా, పొదుగుతున్నావా?" అనేవాడు ఆల్ఫియస్.

"రైల్వేలో చెయ్యి తొందరపడితే రెండు రైళ్ళు కలుసుకుంటాయి," అనేవాడు లోర్న్, పలక మీదనుంచి చూపు తిప్పకుండా.

ఇంతలో మూడున్నర హారన్ మోగేది. ఆట ఎక్కడున్నది అక్కడే ఆగేది. ఆల్ఫియస్ ఆ పలకను అలాగే ఎత్తి పాకలో పై అరమీద పెట్టేవాడు, ఏడాదిపాటు. దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. ఏడేళ్ళ కిందట పెద్ద తుఫాను వస్తోందని అందరూ దిబ్బ ఖాళీ చేసినప్పుడు, పనివాళ్ళు రేడియోలూ ఫ్యాన్లూ మోసుకొస్తే, ఇతను పలకను ఒళ్ళో పెట్టుకుని, ఒక్క మూత కదలకుండా ఇల్లు చేర్చాడు. ఐవామే తలుపు తీసి, "టీవీ మేడ మీదకి ఎక్కించరా మగడా అంటే సీసా మూతలు పట్టుకొచ్చావా!" అంది. అంటూనే తలుపు బార్లా తెరిచి పట్టుకుంది.

ఇప్పుడు నడుస్తున్నది మూడేళ్ళనాటి ఆట. కిందటేడు లేచేటప్పుడు లోర్న్ అన్నాడు: "ఆల్ఫియస్, వచ్చే ఏడు దీన్ని తేల్చేద్దాం. ఆ చిన్న పడవలోకి దిగే మెట్లు ఏటేటా ఎక్కువవుతున్నాయి. ఆపైన నేను దిగను."

వంతు ఆల్ఫియస్‌ది. ఆలోచించుకోవడానికి ఏడాది గడువు. నిజానికి ఆలోచించాల్సిందేమీ లేదు. నడిమి కాయతో ఒక్క దూకు దూకితే లోర్న్ కాయలు మూడు పోతాయి, ఆట ముగుస్తుంది. ఈ సంగతి పడవలో వచ్చే పద్నాలుగు మందికీ తెలుసు. చర్చిలో పాటల మధ్య కూడా చర్చ జరిగింది.

ఆ మంగళవారం వచ్చింది. తెల్లారకముందే ఉత్తరగాలి లేచింది. దిబ్బ చాటున ఉండబట్టి పాయ దాటగలిగాం గాని అవతలివైపు సముద్రం తెల్లగా ఉడుకుతోంది.

"అన్నా, ఈ గాలిలో ఓడవాళ్ళు చిన్న పడవలు దించరు. కుర్చీలు తియ్యకు," అన్నాను.

"ఓడ వస్తుందా రాదా?"

"వస్తుంది. ఆగుతుందో లేదో."

"వచ్చేవాళ్ళకి కుర్చీ వెయ్యాలి కదరా."

తాడు కట్టాడు. గాలికి మొదటి వరస బోర్లాపడింది. లేపి, కాళ్ళకు ఇసుక కప్పాడు. మళ్ళీ పడింది, మళ్ళీ లేపాడు. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, చంకలో గుడ్డలో చుట్టిన జానీ కేక్ రొట్టె.

"ఏం అల్లుడూ, పెళ్ళిచూపులా?" అని కేకేసింది మిస్ వెర్నిటా, మూకుడు దగ్గరనుంచి.

"గుడ్ మార్నింగ్, మిస్ వెర్నిటా."

"ఆఁ, గుడ్ మార్నింగే. సిగ్గు చూడు మొహాన!"

తొమ్మిదికి పదకొండు వందల నలభై కుర్చీలూ తాడు గీసినట్టు నిలబడ్డాయి. ఓడ వచ్చింది. ఒక పడవను కిందికి దించారు. అది ఓడ పక్కకు రెండుసార్లు గుద్దుకుంది. మళ్ళీ పైకి లాగేశారు. గంటసేపు ఓడ అలాగే, వాకిట్లోకి వచ్చి లోపలికి రావాలా వద్దా అని తటపటాయించే చుట్టంలా నిలబడింది.

ఆల్ఫియస్ జెట్టీ మీదకు పరుగున వచ్చాడు. అతను పరుగెత్తడం నేను చూడటం అదే మొదలు.

"ఒరే, నీ రేడియోలో ఓడవాళ్ళతో మాట్లాడు. లోర్న్‌కి చెప్పమను."

"ఏమని?"

"నేనిక్కడే ఉన్నానని. వంతు నాదేనని. వచ్చే ఏడు కూడా రావాలని."

పిలిచాను. ఒక అధికారి గొంతు పలికింది, ఇస్త్రీ చేసిన గొంతు. గుడ్ మార్నింగ్ చెప్పి, మీ ప్రయాణికుడికి ఒక కబురుందన్నాను.

"ప్రయాణికుడి పూర్తి పేరు?"

"లోర్న్."

"ఇంటిపేరు?"

ఆల్ఫియస్ మొహం చూశాను. అతను తన చేతులకేసి చూసుకుంటున్నాడు.

"గది నంబరు చెప్పండి, చాలు."

"అదీ తెలీదండీ."

"పొడుగ్గా ఉంటాడని చెప్పరా," అన్నాడు ఆల్ఫియస్. "నీలం టోపీ, వెలిసిపోయింది. కాయ మెల్లగా పెడతాడు."

చెప్పాను. కాయ సంగతి కూడా చెప్పాను.

"సార్, ఓడలో మూడు వేల నూరుమంది ఉన్నారు," అంది గొంతు, మర్యాదగానే. "పేరు లేకుండా ఎవరని వెతకాలి? మీకు ఈ రోజు శుభంగా గడవాలి." రేడియోలో గురగుర మాత్రం మిగిలింది.

ఓడ మూడుసార్లు హారన్ కొట్టి మెల్లగా తిరిగింది. పై అంతస్తుల్లో చుక్కల్లా జనం. కొన్ని చుక్కలు చేతులూపుతున్నాయి. వాటిలో ఏది లోర్నో తెలియదు. ఉన్నాడో లేడో, అసలు ఈ ఏడు ఎక్కాడో లేదో అదీ తెలియదు. ఆల్ఫియస్ చెయ్యెత్తి, ఓడ మొత్తానికి ఒకే చెయ్యి ఊపాడు. గుడ్ మార్నింగ్ చెప్పనివాళ్ళకు అతను మర్యాద చేయడం పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

తర్వాత వెళ్ళి మొదటి వరస చివరి కుర్చీలో కూర్చున్నాడు. పక్క కుర్చీ మీద జానీ కేక్ మూట పెట్టాడు. ఎదురుగా సముద్రం, పక్కనా వెనకా పదకొండు వందల ముప్పయ్యెనిమిది ఖాళీ కుర్చీలు. అతని దగ్గరికి వెళ్ళి ఏదైనా మాట్లాడదామని ఇద్దరు ముగ్గురం బయల్దేరి, దారిలో వేరే పనులు గుర్తొచ్చి ఆగిపోయాం.

మధ్యాహ్నం లేచి, పాకలోకి వెళ్ళి, అరమీద నుంచి పలక దించాడు. మిస్ వెర్నిటా, నేను వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాం.

"ఇంకా చూస్తావేం? దూకెయ్," అంది ఆమె. "ఏడాదినుంచీ నోరూరిస్తోంది."

ఆల్ఫియస్ నడిమి కాయ జోలికి పోలేదు. అంచున, ఎవరికీ పట్టని చోట ఉన్న ఒక మూతను రెండు వేళ్ళతో పట్టుకుని, ఒక్క గడి ముందుకు, కోడిగుడ్డు దించినట్టు దించాడు.

"మతిపోయిందా నీకు! మూడు కాయలు నోటి ముందు పెట్టుకుని..."

"నీ బజ్జీలు మాడిపోతున్నాయి, చూసుకో పో."

"ఎవరొచ్చారని వెయ్యను బజ్జీలు!" అని, ఎందుకో ఆమె ఏప్రాన్‌తో మూతి తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

"ఇప్పుడు ఆయన వంతు," అన్నాడు ఆల్ఫియస్, నాతో కాదు.

కుర్చీలన్నీ మడతపెట్టేసరికి నాలుగయింది. గాలి ఇంకా పెరుగుతుందని పలకను ఇంటికి తీసుకెళ్దామనుకున్నాడు. పడవలో నడిమి బల్ల మీద కూర్చుని దాన్ని మోకాళ్ళ మీద మట్టంగా పట్టుకున్నాడు. నేను శవయాత్రలో నడిచినట్టు నడిపాను. అంత మెల్లగా పోతే ప్రతి కెరటమూ లోపలికే. అందరం నిలువునా తడిశాం. "కాస్త తొందరగా పోనీ" అన్న నాథుడు లేడు. మిస్ వెర్నిటా తన గొడుగును తన నెత్తిన కాక పలక మీద పట్టింది.

ఒక పెద్ద అలకు ఒక మూత జారి అతని ఒళ్ళో పడింది.

"మూడో వరస, ఎడం నుంచి రెండోది!" అన్నాయి నాలుగు గొంతులు ఒక్కసారి. అతను తలెత్తకుండా దాన్ని అక్కడ పెట్టాడు.

ఒడ్డు చేరాక ఎవరి ఇళ్ళకు వాళ్ళు పరిగెత్తారు. నేను పడవకు రెండో తాడు కూడా కట్టి తలెత్తి చూస్తే, మసక వెలుగులో ఆల్ఫియస్ తన వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. పలక రెండు చేతుల్లోనూ ఉంది. కింద పెడితే గాలి మూతల్ని ఎత్తుకుపోతుంది. తలుపు తీయాలంటే ఒక చెయ్యి కావాలి. లోపల ఎవరూ లేరు. అతను ఎవర్నీ పిలవలేదు. మూసిన తలుపుకేసి చూస్తూ, ఎదుటివాడి ఎత్తు కోసం ఎదురుచూస్తున్న ఆటగాడిలా నిలబడ్డాడు.

మెట్లెక్కి అతని కుడి చెవి వైపు వెళ్ళాను.

"గుడ్ ఈవినింగ్, ఆల్ఫియస్ అన్నా."

"గుడ్ ఈవినింగ్," అన్నాడు అతను.

అప్పుడు తలుపు తీశాను.