గూడెంవాళ్లు నడవకూడని రైలు బాట

వారం దాటింది, నా కోపం ఇంకా చల్లారలేదు. సారపాకలో చిన్నకూతురింటికి వెళ్లినప్పుడు, “మీ నాయన పనిచేసిన లైన్ చూద్దురు రండి అత్తమ్మా” అంటూ అల్లుడు నన్ను అడవి అంచున ఉన్న పాత బొగ్గు లైను దగ్గరికి తీసుకువెళ్లాడు. పట్టాలు పీకేసి చాలా కాలమైంది; ఇప్పుడు ఆ కట్ట మీద నున్నటి ఎర్ర బాట వేసి, షికారు నడకకూ సైకిళ్లకూ అని పెట్టారు. చూడగానే సంతోషమే కలిగింది, అబద్ధం చెప్పను.

ఆ సంతోషం గేటు దాకానే. నెత్తిన కట్టెల మోపుతో వచ్చిన గూడెం ఆడమనిషిని వాచ్‌మన్ ఆపేశాడు. మోపులతో రాకూడదట, వాగు అవతలి గూడేనికి ఆమె దూరాన ఉన్న రోడ్డు వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోవాలట.

మా నాయన ఈ లైను మీద గ్యాంగ్‌మన్. సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టాల మేకులు చూసుకుంటూ నడిచేవాడు, బడి లేని రోజు నేనూ వెనకాలే స్లీపర్ మీంచి స్లీపర్ మీదికి అంగలు వేసేదాన్ని. అప్పట్లో వాగు దాటడానికి రైలు వంతెన తప్ప మరో దారి లేదు గనుక గూడెంవాళ్లు అడ్డాకులతో, ఇప్పపూలతో దాని మీదే సంతకు వెళ్లేవారు. బండి వచ్చే వేళైతే నాయన ఈల ఊది వాళ్లను పక్కకు తప్పించేవాడు.

ఒక శ్రావణంలో ముసురు పట్టి వాగు పొంగినప్పుడు, గూడెంలో ఒకామె రెండు రోజులుగా నొప్పులు పడుతోందని ఆమె భర్త మా గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. అధికారులు లైను తనిఖీకి వాడే తోపుడు ట్రాలీ మా క్వార్టరు పక్క షెడ్డులో ఉండేది. అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. ఆ పూట బండి లేదని తెలిసిన నాయన షెడ్డు తాళం తీసి, ఆమెను ట్రాలీ మీద పడుకోబెట్టి, పక్కన మా అమ్మను కూర్చోబెట్టి, ఆ భర్తతో కలిసి వానలో స్టేషను దాకా తోసుకుంటూ పోయాడు. అక్కడినుంచి లారీలో దవాఖానాకు చేర్చారు. తల్లీ బిడ్డా బతికారు. నాయనను మాత్రం నెల రోజులు పనిలోంచి పక్కన పెట్టారు. ఆ నెలంతా గూడెంవాళ్లు మా గడపలో జొన్నలు గానీ, కూరకు లేత వెదురు కొమ్ములు గానీ పెట్టి వెళ్లిపోయేవారు.

అందుకే ఆ గేటు దగ్గర నాకు ఒళ్లు మండిపోయింది.

“ఈ తొవ్వ ఎవరిది? ఎవరిని ఆపుతున్నవ్?” అని అరిచాను.

“నన్నేం జేయమంటరమ్మా, సార్లు గిట్లనే చెప్పిండ్రు. సైకిళ్లకు అడ్డమైతదంట,” అన్నాడు వాచ్‌మన్ తల దించుకుని.

గేటు నేనే తోసి, ఆమెను ముందు నడవమని వెనక నడిచాను. సైకిళ్లవాళ్లు గంట కొట్టారు, మేం తప్పుకోలేదు. వంతెన దాటాక ఆమె మోపు సర్దుకుని, “ఇయ్యాల నువ్వున్నవ్. రేపు మళ్ల చుట్టు తిరుగుడే గదా” అంది.

ఆ బాట చూసుకునే ఆఫీసులో అర్జీ రాసి ఇచ్చాను. ఉలుకూ పలుకూ లేదు. నా ఈడువాళ్లకు తెలుసు, ఆ రోజుల్లో పట్టాల మీద నడవడం నేరమే. అయినా నడిచేవాళ్ల ప్రాణం కాచే మనిషొకడు ఉండేవాడు. ఇప్పుడు నడవడానికే బాట వేశారు, అవసరం ఉండి నడిచేవాళ్లకే అందులో చోటు లేదు.